హమ్మింగ్‌బర్డ్ వీడియో సరిగ్గా రావట్లేదా?

టెక్సస్‌లో మా పెరట్లో ఫీడర్, అంటే పిట్టలు తాగడానికి పంచదార నీళ్లు పోసే డబ్బా, వేలాడదీసి ఇది మూడో ఏడాది. మన తేనెపిట్ట కొమ్మ మీద వాలి తేనె తాగుతుంది. సుమారు 3 గ్రాముల బరువుండే ఈ రూబీ-త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడే తాగుతుంది. తీసేవాళ్లకి కష్టమంతా అక్కడే.

రెక్కలు పొగలా కనిపిస్తున్నాయి
సెకనుకి 50 సార్ల దాకా రెక్కలు కొడుతుంది. మామూలు వీడియోలో ఒక్కో ఊపుకి ఒక్క ఫ్రేము (బొమ్మ) కూడా సరిగ్గా దక్కదు. ఫోన్‌లో స్లో-మోషన్ సెకనుకి 240 ఫ్రేములకి పెట్టండి, ఊపుకి దాదాపు 5 ఫ్రేములొస్తాయి. షటర్ వేగాన్ని చేత్తో మార్చుకునే వీలుంటే 1/2000 సెకను ఉంచండి. దానికి మంచి ఎండ కావాలి. నీడలో తీస్తే ఏం పెట్టినా మసకే.

మగపిట్ట గొంతు నల్లగా పడుతోంది
మొదటి ఏడాది నా వీడియోలన్నీ ఇంతే. లెన్స్ పాడైందేమోనని ఎన్నిసార్లు తుడిచానో! లోపం లెన్స్‌లో లేదు. మగపిట్ట గొంతు మీది కెంపు రంగు ఈకలకి పూసిన రంగు లాంటిది కాదు. ఈకల్లోని సూక్ష్మమైన పొరల మీద వెలుగు పడి, సరైన కోణంలో మన వైపు తిరిగొస్తేనే మెరుస్తుంది, లేదంటే నలుపే. అందుకే ఫీడర్‌ని పడమటి కంచె దగ్గరికి మార్చి, ఉదయం సూర్యుడు నా వీపు వెనకుండేలా నిలబడ్డాను. పిట్ట తల ఇటు తిప్పగానే గొంతంతా నిప్పుకణికలా వెలిగింది. మళ్లీ అటు తిప్పగానే ఆరిపోయింది. ఆ రెండు సెకన్ల వీడియో ఇప్పటికీ చూస్తుంటాను.

మధ్యాహ్నానికి నీడ పడే చోటే ఎంచుకోండి, లేకపోతే ఎండకి పంచదార నీళ్లు పాడవుతాయి.

ఫోకస్ కంచె మీదికి పోతోంది
ఫీడర్‌కి నాలుగు రంధ్రాలుంటే ఒక్కటి వదిలి మిగతావి టేపుతో మూసేయండి. ఇక పిట్ట వచ్చేది అక్కడికే. ఆ రంధ్రం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేయండి. ఒక గుక్క తాగి అది కాస్త వెనక్కి జరుగుతుంది, అప్పుడు దారప్పోగులాంటి నాలుక కూడా ముక్కు బయట కనిపిస్తుంది. నేను కాచుకుని తీసేది ఆ క్షణాన్నే.

వచ్చిన పిట్ట నిలవట్లేదు
ఒక మగపిట్ట కాపలా కాస్తూ మిగతావాటిని తరుముతోందేమో చూడండి. దాని కంటికి ఆనని చోట, ఇంటికి అవతలి వైపు రెండో ఫీడర్ పెట్టండి. లేదా నీళ్లు పులిసి ఉంటాయి. 1 కప్పు తెల్ల పంచదారకి 4 కప్పుల నీళ్లు, అంతే. బెల్లం, తేనె, ఎర్ర రంగు కలపొద్దు, పిట్టకి హాని. వేసవిలో రెండు రోజులకోసారి ఫీడర్ కడిగి కొత్తవి పోయండి.

మనిషిని చూసి ఎగిరిపోతోంది
ట్రైపాడ్‌ని ఒక రోజంతా ఖాళీగా ఫీడర్ పక్కన వదిలేయండి. మర్నాడు ఫోన్ బిగించి, రికార్డింగ్ ఆన్ చేసి లోపలికి వెళ్లిపోండి.