తయారీ ఆగిపోయిన కెమెరాను కొనాలా, వద్దా?

తయారీ ఆగిపోయినంత మాత్రాన కెమెరా పనికిరానిదైపోదు. 2014లో వచ్చిన శాంసంగ్ ఎన్‌ఎక్స్1, 28 మెగాపిక్సెళ్ల ఫొటోలతోపాటు 4కె (చాలా ఎక్కువ స్పష్టత గల) వీడియో కూడా తీయగల మేటి కెమెరాయే అయినా, ఆ సంస్థ కెమెరాల తయారీనే మానుకోవడంతో దానికి కొత్త లెన్సులు రావడం ఆగిపోయింది. కనుక మీరు చూస్తున్న కెమెరాకు లెన్సులు, అసలైన బ్యాటరీలు, విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయని తెలుసుకున్నాకే ధర మాట్లాడాలి.

ఫొటోలకు పాత సెన్సరు (కాంతిని చిత్రంగా మలిచే భాగం) చాలావరకు సరిపోతుంది, చిక్కంతా వీడియోతోనే. 2016 నాటి కెనాన్ 5డి మార్క్ 4 కెమెరా, 4కె వీడియో తీసేటప్పుడు సెన్సరు మధ్యభాగాన్నే వాడుకుంటుంది కాబట్టి, విశాలమైన దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్సు పెట్టినా దృశ్యం ఇరుకుగానే వస్తుంది.

కెమెరా చేతికొచ్చాక, లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి (ఎఫ్16 వద్ద) తెల్లని గోడను ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సరుపై మచ్చలు బయటపడతాయి. దుమ్మయితే తుడిపించవచ్చు, గీత అయితే వదులుకోవడమే మేలు. ఆపై 20 నిమిషాలు ఏకధాటిగా వీడియో తీసి, వేడెక్కి ఆగిపోతుందేమో గమనించాలి.