సుంకి ఘాట్ దిగే ముందు: ఊదించే మిషనుకి తెలియనిది

నవంబరు చివర్లో మొదలై సంక్రాంతి వెళ్లేదాకా ఒడిశాలోని మా కొరాపుట్ వైపు 26వ నంబరు జాతీయ రహదారికి ఊపిరాడదు. ధాన్యం లోడ్లు, రాయపూర్ నుంచి విశాఖ పోయే లారీలు, దేవమాలి కొండ చూడ్డానికొచ్చే కార్లు, పండక్కి సాలూరు, బొబ్బిలి వైపు దిగే జయపురం, సునాబెడ, దామన్‌జోడి తెలుగు కుటుంబాలు, అందరికీ సాలూరు వైపు దిగే అదే సుంకి ఘాట్. తెల్లవారుజామున మంచు దిగితే ఎదుటి బండి లైట్లు మీదకొచ్చేదాకా కనపడవు. పోలీసులు ఆపి మందు తాగారేమోనని మిషనులో ఊదించడం, నిద్రమత్తు వదలడానికి మొహాలు కడిగించి పంపడం కూడా ఈ రోజుల్లోనే ఎక్కువ.

మాది జయపురంలో లారీ బుకింగ్ ఆఫీసు. నాన్న స్టీరింగ్ పట్టారు, ఇప్పుడు తమ్ముడు పడుతున్నాడు. పొద్దస్తమానం డ్రైవర్లతోనే మాట్లాడే మనిషిగా ఒక మాట గట్టిగా చెబుతాను. మిషను సున్నా చూపించిందంటే మందు లేదని అర్థం, అంతే. ఘాట్ దిగడానికి మీరు పనికొస్తారో లేదో దానికి తెలీదు.

ముందు మందు సంగతి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. కొన్ని మిషన్లు 30 అని చూపిస్తాయి, కొన్ని 0.03 శాతం అని. రెండూ ఒకటే. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000, జైలు 2 ఏళ్ల దాకా. లైసెన్సు పోయిందంటే ఇల్లు గడవదు, అది వేరే చెప్పాలా!

చాలామంది దొరికిపోయేది తాగిన రాత్రి కాదు, మర్నాడు పొద్దున్న. ఒంట్లో మందు గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గుతుంది. రాత్రి 11 గంటలకి 120 ఉన్నవాడికి తెల్లవారి 5 గంటలకి ఇంకా 30 మిగిలే ఉంటుంది. స్నానం చేసినా, మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా ఆ లెక్క మారదు. కనుమనాడు కాకైనా కదలదని మనవాళ్లు ఆ రోజు ఆగుతారు, మంచిదే. కానీ కనుమ రాత్రి కూర్చుని, ముక్కనుమ తెల్లవారకుండానే పిల్లల్ని కారులో వేసుకుని ఘాట్ ఎక్కేస్తారు. డ్యూటీకి అందుకోవాలని తొందర. దయచేసి ఆ రోజు మధ్యాహ్నం భోంచేసి బయల్దేరండి. జీలుగు కల్లు, ఇప్పసారా లెక్కలోకి రావనుకోకండి. మిషనుకి ఏ మందైనా ఒకటే.

ఆపినప్పుడు బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి అద్దం దించండి. ఊదే గొట్టం కొత్తది పెట్టమని మర్యాదగా అడగండి, తప్పులేదు. బీప్ ఆగేదాకా ఒకే ఊపులో ఊదాలి. అప్పుడే దగ్గు మందు తాగినా, మౌత్‌వాష్ పుక్కిలించినా ముందే చెప్పేయండి. నోట్లో మిగిలిన ఆల్కహాల్ కాసేపట్లో పోతుంది, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తే తేలిపోతుంది. ఊదనని మొండికేస్తే మాత్రం ఆ నిరాకరణే కోర్టులో మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. అరెస్టు చేస్తే 2 గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి, అది చట్టంలోనే ఉంది.

జలుబు బిళ్లలతోనూ జాగ్రత్త. సెట్రిజిన్, అవిల్ లాంటివి వేసుకుంటే మత్తు వస్తుంది, ఊదితే మాత్రం సున్నానే. మందుల షాపులో బండి తోలతానని చెప్పి అడిగి తీసుకోండి. గంజాయికి మినహాయింపు ఉందనుకునేవాళ్లు అదే 185వ సెక్షన్ రెండో భాగం చదివించుకోండి, మత్తు పదార్థాలన్నీ అందులోకే వస్తాయి.

ఇక నిద్ర. దీన్ని కొలిచి కేసు రాసే మిషను మన రోడ్ల మీద లేదు. పోలీసు చూసేది కళ్లే: ఎర్రబడ్డాయా, మూతలు పడుతున్నాయా, ఎప్పుడు బయల్దేరావంటే జవాబు ఆలస్యంగా వస్తోందా. 2022 చివర్లో ఒడిశా ప్రభుత్వం రాత్రిపూట లారీ డ్రైవర్లకి ఉచితంగా టీ ఇప్పిస్తామని ప్రకటించింది. ఆంధ్ర వైపు పోలీసులు బళ్లు ఆపి మొహం కడిగించి పంపుతారు. మంచి పనే, కానీ చన్నీళ్ల ప్రభావం కొద్ది నిమిషాలే. పదిహేడు గంటలు కన్ను మూయకుండా ఉన్నవాడి చురుకుదనం 50 మిల్లీగ్రాముల మందు ఎక్కినవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. అంటే చట్టం పెట్టిన హద్దు కంటే ఎక్కువ. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు కునుకు పడితే బండి 65 మీటర్ల పైనే పోతుంది. సుంకి మలుపుల్లో అంత తిన్నని రోడ్డు ఎక్కడుంది?

నిద్రమత్తు డ్రైవరుకి తెలియకముందే పక్కనున్నవాడికి తెలుస్తుంది. మత్తులో ఉన్నవాడు దిగుడులో గేరు తగ్గించడు, బ్రేకు మీద కాలేసుకుని దిగుతాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి బ్రేకు లైనర్లు కాలిన వాసన వస్తుంది. బండి తెల్లగీతకి ఆనుకుని, మళ్లీ ఒక్కసారిగా లోపలికి వస్తుంది. మాటిమాటికీ తల విదిలిస్తాడు, అద్దం దించుతాడు, ఖైనీ నలుపుతాడు. క్లీనరు కుర్రాడు ఇవన్నీ చూస్తూనే ఉంటాడు, తిడతాడని నోరు విప్పడు. ఓనర్లూ, డ్రైవరన్నలూ, వాడికి "అన్నా, బండి పక్కకి తియ్యి" అనే హక్కు బయల్దేరే ముందే ఇవ్వండి. మా ఆఫీసు నుంచి లోడు కదిలే ముందు ఆ మాట ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి చెబుతున్నాం.

మత్తు వస్తే పనికొచ్చేది నిద్రొక్కటే. స్ట్రాంగ్ టీ తాగి వెంటనే పడుకోండి. టీ పనిచేయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆలోగా ఒక కునుకు అయిపోతుంది. లేచాక పది నిమిషాలు చుట్టూ తిరిగి, టైర్లు తట్టి చూసుకుని ఎక్కండి. ఆ కునుకు కాసేపటికే, రాత్రంతా పోయిన నిద్ర దాంతో తీరదు. తెల్లవారుజామున 2 నుంచి 6 దాకా ఘాట్ దిగే పని పెట్టుకోకండి. పొట్టంగి దాటకముందే ఆగిపోండి, మలుపులు మొదలయ్యాక బండి పెట్టే చోటు దొరకదు.

ఓనర్లకి ఒక మాట. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలే పని అనేది, 5 గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. ట్రిప్పుకింత అని బత్తా కట్టి, తొందరగా వస్తే ఇంకో లోడు అని ఆశపెడితే ఆ నిద్ర తినేది మనమే. ఊదించినప్పుడు దొరికిన డ్రైవర్ని బండి కదపనివ్వరు కాబట్టి, ఘాట్‌కి అటూ ఇటూ లైసెన్సున్న ఒక డ్రైవరు నంబరు దగ్గర పెట్టుకోండి. ఓనరు ఫోను రాత్రిపూట మోగేలా ఉండాలి. డ్రైవరు ఫోను చేసి "పడుకుంటాను, లేటవుతుంది" అంటే "సరే, పడుకో" అనండి. అన్‌లోడింగ్ వాళ్లతో మాట్లాడుకునే పని మనది.