క్రియాటిన్ వాడేవారికి ఎదురయ్యే ఇబ్బందులు: కారణాలు, పరిష్కారాలు

సమస్య: రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది

నెల్లూరు, ఒంగోలు జిమ్‌లకు వెళ్లే యువకులు రిపోర్టులో 1.4 అంకె పక్కన ‘ఎక్కువ’ అని తెలిపే ‘హెచ్’ అన్న అక్షరం చూడగానే కిడ్నీలు పాడయ్యాయని బెంబేలెత్తిపోతారు. కండరాల బలం కోసం జిమ్‌కు వెళ్లేవారు పౌడర్‌గా తీసుకునే క్రియాటిన్ నిజానికి మన శరీరమే తయారుచేసుకునే పదార్థం. చేపల నుంచి, మాంసం నుంచి కూడా అందుతుంది. ఒంట్లో ఉన్న క్రియాటిన్‌లో సుమారు 95 శాతం కండరాల్లోనే ఉంటుంది. ఆ నిల్వలో రోజుకు సుమారు 2 శాతం దానంతటదే క్రియాటినిన్ అనే వ్యర్థంగా మారి మూత్రంలో పోతుంది కాబట్టి, పౌడర్‌తో నిల్వ పెరిగినప్పుడు కిడ్నీల వడపోత ఏమాత్రం తగ్గకపోయినా రక్తంలో ఆ అంకె కొంత పెరగవచ్చు, దానితో లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత అంచనా) తగ్గినట్టు కనిపించవచ్చు.

అలాగని ‘పౌడర్ వల్లేలే’ అని రిపోర్టును పక్కన పడేయడం మన ప్రాంతంలో అసలు తగదు. కనిగిరి, పీసీ పల్లి వైపు కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. తొలిదశలో అది ఏ లక్షణమూ చూపదు. అందుకే పౌడర్ ఆపి, వాడుతున్న సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పి, కండరాల నిల్వ మామూలు స్థాయికి దిగే నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. పరీక్షకు ముందు రెండు రోజులు బరువులెత్తడం, మాంసం తినడం మానాలి. అంతవరకు ఆగలేకపోతే క్రియాటిన్‌తో సంబంధం లేని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష ఉన్నాయి. వీటిలో ఏది తేడాగా ఉన్నా నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) కలవాలి.

మొదలుపెట్టక ముందే ఒకసారి క్రియాటినిన్ చూపించుకుంటే ఈ సందిగ్ధమే ఉండదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు. షుగర్, బీపీ ఉన్నవారు, ఇంట్లో కిడ్నీ రోగులు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని తరచూ మింగే అలవాటు ఈ పౌడర్ కంటే ఎక్కువగా కిడ్నీలకు చేటు చేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

సమస్య: వారంలోనే కిలో, రెండు కిలోల బరువు పెరగడం

అది కొవ్వు కాదు, కండరాల్లో చేరిన నీరు. ఏమీ చేయనక్కరలేదు.

సమస్య: కడుపు ఉబ్బరం, విరేచనాలు

కండరాలను త్వరగా నింపాలని మొదట్లో తీసుకునే పెద్ద మోతాదును, అంటే రోజుకు 20 గ్రాముల ‘లోడింగ్’ను, ఒకటి రెండు మోతాదుల్లో మింగేయడమే దీనికి సాధారణ కారణం. అసలు లోడింగ్ తప్పనిసరి కాదు. అన్నం తిన్నాక రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే మూడు, నాలుగు వారాల్లో కండరాలు అదే స్థాయికి నిండుతాయి.

సమస్య: పిక్కలు పట్టేయడం

చాలామంది నింద క్రియాటిన్ మీద వేస్తారు గాని, పరిశోధనలు దాన్ని సమర్థించలేదు. రోహిణి కార్తె ఎండల్లో, ఫ్యాను గాలి కూడా సరిగా ఆడని జిమ్‌లో చెమటతో పోయిన నీరు, ఉప్పు తిరిగి అందకపోవడాన్నే ముందు అనుమానించాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగి, కసరత్తును తెల్లవారుజాముకు మార్చుకోవాలి. మూత్రం ముదురు రంగులోకి మారి, కండరాల నొప్పి విపరీతంగా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: పౌడర్ కరగడం లేదు, గడ్డకడుతోంది

పౌడర్‌గా దొరికే క్రియాటిన్ మోనోహైడ్రేట్ చల్లటి నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో కలిపి, అడుగున మిగిలినదానిలో మరికొన్ని నీళ్లు పోసి తాగాలి. ఉదయం కలిపినది సాయంత్రానికి దాచకూడదు. సముద్రతీర ఊళ్ల తేమకు డబ్బాలో గడ్డకడితే పౌడర్ చెడినట్టు కాదు. పొడి చెంచాతో చిదిపి వాడుకుని, మూత బిగించి పెట్టాలి. రంగు మారినా, వాసన వచ్చినా పారేయాలి.