కుక్కకు ప్యాకెట్ తిండి, ఏటేటా టీకాలు: ఎంతవరకు అవసరమో తేల్చుకోవడం ఎలా?

మా ఇంటికి వచ్చిన మొదటి కుక్కపిల్ల మూడు నెలలు నిండకముందే పార్వో అనే వైరస్ జబ్బుతో పోయింది. నలభై అయిదో రోజున ఒక సూది వేయించి, టీకా అయిపోయిందనుకున్నాం. రెండో సూది తేదీ డాక్టరుగారు పుస్తకంలో రాసిచ్చారు, మేమే తెరిచి చూడలేదు. రెండు రోజులు వాంతులు, రక్తవిరేచనాలు. సెలైన్ ఎక్కించినా నిలవలేదు.

అందుకే ఎవరైనా "అక్కా, ఏటేటా ఈ సూదులన్నీ వ్యాపారమేనట కదా, ప్యాకెట్లలో అంతా కెమికల్సేనట కదా" అని అడిగితే తేలిగ్గా తలూపలేను. అలాగని డబ్బా మీద రాసిందంతా నమ్మమనీ చెప్పను. ఏ టీకా, ఏ వయసులో, ఏ తిండి, ఎంత అని విడివిడిగా చూసుకుంటే జవాబు దొరుకుతుంది. నేను చూసుకునే వరుస ఇది.

1. ముందు టీకా పుస్తకం తెరవండి

పిల్లకు తల్లిపాల నుంచి రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఉన్నన్నాళ్లు అది మనం వేయించే టీకాను కూడా పనిచేయనివ్వదు. ఒక పిల్లలో ఎనిమిది వారాలకే తగ్గిపోతుంది, ఇంకో పిల్లలో పద్నాలుగు వారాలైనా ఉంటుంది. ఎప్పుడు తగ్గిందో బయటికి తెలియదు కాబట్టే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది పదహారో వారంలోగానీ ఆ తర్వాతగానీ పడే ఆఖరి సూది. చాలా ఇళ్లలో మానేసేది కూడా దాన్నే. తర్వాత ఆరు నెలల వయసులోనో, ఏడాది వయసులోనో ఇంకొకటి.

ఈ మొదటి విడత విషయంలో "అవసరమా?" అనే ప్రశ్నే లేదు. అది పూర్తయ్యేదాకా పిల్లను వీధిలో మట్టి వాసన చూడనివ్వకండి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది.

2. ఏ జబ్బుకు ఎన్నాళ్ల రక్షణో విడిగా రాసుకోండి

"ఏటా టీకా" అనే ఒక్క మాట కిందే అన్నిటినీ కలిపేయడం వల్ల గందరగోళం వస్తోంది. పార్వో, డిస్టెంపర్ (ఊపిరితిత్తులను, మెదడును దెబ్బతీసే వైరస్ జబ్బు), అడినో (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్) టీకాలు మొదటి విడత సరిగ్గా పడితే ఏళ్ల తరబడి కాపాడతాయి. పెద్ద కుక్కలకు వీటిని మూడేళ్లకోసారి కన్నా తరచుగా వేయనక్కర్లేదని డబ్ల్యూఎస్‌ఏవీఏ అనే అంతర్జాతీయ పశువైద్య సంఘం తన మార్గదర్శకాల్లో చెబుతోంది.

లెప్టోస్పైరోసిస్ సంగతి వేరు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే ఈ జబ్బు కిడ్నీలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మనుషులకూ సోకుతుంది. దీని టీకా బలం ఏడాదికి మించి నమ్మదగింది కాదు. వానాకాలంలో వీధుల్లో నీళ్లు నిలిచే మన ఊళ్లలో దీన్ని ఏటా వేయించడమే మంచిది. చాలా క్లినిక్‌లలో అన్నీ కలిపిన ఒకే సూది ఉంటుంది కాబట్టి, లెప్టో కోసం వెళ్తే మిగతావీ దాంతోపాటే పడతాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు దీనివల్ల సాధారణంగా ఇబ్బంది రాదు. కానీ ముందెప్పుడైనా టీకాకు ఒళ్లు వాచి ఉంటే లెప్టో ఒక్కటే విడిగా దొరుకుతుందేమో అడగండి. పార్వో, డిస్టెంపర్, అడినోలకు యాంటీబాడీలు (ఆ జబ్బులను ఎదుర్కొనే రక్షణ కణికలు) రక్తంలో ఇంకా ఉన్నాయో లేదో చూసే టైటర్ పరీక్ష ఉంది. అవి ఉన్నాయని తేలితే ఆ మూడింటినీ ఆ ఏడాదికి వాయిదా వేయవచ్చు. లెప్టోకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు.

రేబిస్ విషయంలో బేరాలు వద్దు. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో సుమారు 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. మూడు నెలల వయసులో మొదటిది, ఏడాదికి ఇంకొకటి, ఆ తర్వాత మీ డాక్టరు చెప్పిన గడువుకు. మన దగ్గర ఎక్కువమంది ఏటా వేస్తారు, ఇన్ని వీధికుక్కల మధ్య నేనూ ఏటా వేయిస్తాను. ఈ టీకాలు ఎక్కడినుంచో రానక్కర్లేదు, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థే జంతువుల రేబిస్ టీకా తయారుచేస్తుంది. కుక్కను విదేశాలకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), ఆ తర్వాతే రేబిస్ టీకా. ఈ వరుస తప్పితే యూరప్ దేశాలు ఆ టీకాను లెక్కలోకి తీసుకోవు.

ఇంకో సంగతి. టీకాలన్నీ వేయించినా పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఆగదు. పిడుదుల మందు విడిగా వాడాల్సిందే.

3. సూది వేయించే రోజు

జ్వరం, విరేచనాలు ఉంటే వాయిదా వేయండి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి కాబట్టి ఫ్రిజ్‌లోంచే తీస్తున్నారో లేదో చూడండి, సీసా మీది స్టిక్కర్‌ను పుస్తకంలో అంటించమని అడగండి. తర్వాత అరగంట క్లినిక్ దగ్గరే ఉండండి. ముఖం వాచినా, దద్దుర్లు లేచినా, వరసగా వాంతులైనా వెంటనే లోపలికి తీసుకెళ్లాలి. ఒక రోజు మందకొడిగా పడుకుంటే టెన్షన్ పడకండి.

4. ప్యాకెట్ ముందువైపు బొమ్మ కాదు, వెనకవైపు చదవండి

"కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని ఉందా, ఏ వయసుకు అని ఉందా చూడండి. "కాంప్లిమెంటరీ" అనో "ట్రీట్" అనో ఉంటే అది చిరుతిండి, దాని మీదే పెంచకూడదు. డ్రై ఫుడ్‌ను, తడి ఫుడ్‌ను పోల్చాలంటే నీటిని తీసేసి లెక్కవేయాలి. తడి ప్యాకెట్‌లో ప్రొటీన్ 8 శాతం, తేమ 78 శాతం అనుకుందాం. నీరు పోగా మిగిలింది 22 భాగాలు, అందులో 8 అంటే సుమారు 36 శాతం. డ్రై ఫుడ్‌లో 22 శాతం ప్రొటీన్, 10 శాతం తేమ అయితే వచ్చేది 24 శాతమే. అమెరికాలో పశువుల మేతకు ప్రమాణాలు పెట్టే ఆఫ్కో సంఘం ప్రకారం, ఇలా నీరు పోగా చూసిన ప్రొటీన్ పెద్ద కుక్కకు కనీసం 18, కుక్కపిల్లకు 22.5 శాతం ఉండాలి.

ప్యాకెట్ తిండి మీద అనుమానాలు ఊరికే పుట్టలేదు. 2007లో చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిపారని తేలి, అమెరికాలో ఎన్నో బ్రాండ్లను వెనక్కి తీసుకున్నారు, చాలా కుక్కలు, పిల్లులు కిడ్నీలు చెడి చనిపోయాయి. మన షాపుల్లో నాకు అంతకన్నా భయం వేసేది విప్పిన బస్తాలోంచి లూజుగా తూచి ఇచ్చే డ్రై ఫుడ్. తయారీ తేదీ తెలియదు, వానాకాలంలో బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. చిన్న ప్యాకెటైనా సరే, సీలు ఉన్నదే కొనండి.

5. ఎంత పెట్టాలో లెక్కవేయండి

బరువును 30తో హెచ్చించి 70 కలపండి. పది కిలోల కుక్కకు 370 క్యాలరీలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే కుక్కకు దాన్ని 1.6తో హెచ్చిస్తే సుమారు 590. వంద గ్రాములకు 350 క్యాలరీలిచ్చే డ్రై ఫుడ్ అయితే రోజుకు 170 గ్రాములు, రెండు పూటలుగా. బిస్కెట్లు, పెరుగు పెడితే అందులోంచే తగ్గించండి. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. ఆ తర్వాత వారానికోసారి పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూడండి. తేలిగ్గా తగలాలి, కానీ కంటికి పొడుచుకు కనబడకూడదు.

6. ఇంటి వంటే పెట్టాలనుకుంటే

"మన ఊళ్లో కుక్కలు పెరుగన్నం తిని బతకలేదా?" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ కుక్కలు పెరుగన్నం ఒక్కటే తినలేదు. పొలాల్లో ఎలుకలు పట్టేవి, కోళ్లు కోసినచోట ఎముకలు తినేవి. ఫ్లాట్‌లో ఉన్న కుక్కకు మనం పెట్టిందే దిక్కు. ఎముక లేని చికెన్‌లో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. నెలల తరబడి చికెన్, అన్నమే పెడితే కుక్కపిల్లల కాళ్లు వంకర పోతాయి. 2013లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పశువైద్యులు పుస్తకాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ ఉన్న 200 వంటకాలను పరిశీలిస్తే, 95 శాతం వంటకాల్లో ఏదో ఒక పోషకం తక్కువ పడింది. కాబట్టి కొలతలూ సప్లిమెంట్లూ పశువైద్యులతో రాయించుకుని, అలాగే వండండి. కుక్కపిల్లల ప్యాకెట్ ఫుడ్ పెడుతూ పైనుంచి కాల్షియం సిరప్ పోసేవాళ్లు చాలామంది. పెద్ద జాతి పిల్లలకు అది మేలు చేయకపోగా ఎముకల ఎదుగుదలను చెడగొడుతుంది.

ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలు, పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్, బిర్యానీలో ఉడికిన ఎముకలు వద్దు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే దానికి పాలన్నం సరిపోదు, టారిన్ అనే పోషకం అందకపోతే గుండె కండరం బలహీనపడుతుంది. అది ఎక్కువగా మాంసంలో, చేపల్లో ఉంటుంది.

తిండి మార్చేటప్పుడు పాతదాంట్లో పావు వంతు కొత్తది కలపడంతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చండి.

ఖర్చు భారమనిపిస్తే ఒక తేదీ గుర్తుంచుకోండి: జూలై 6, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం. 1885లో శాస్త్రవేత్త పాశ్చర్ తయారుచేసిన రేబిస్ టీకాను మొదటిసారి ఒక పిల్లవాడికి వేసిన రోజు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ రోజున పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. మీ గేటు దగ్గర రోజూ అన్నం తినిపోయే వీధికుక్క ఉంటే, దానికీ ఒక పాత పట్టీ కట్టి వెంట తీసుకెళ్లండి.