పాత పుస్తకంలో పురుగు పట్టింది: నా అనుభవం

వలస పాలన చరిత్ర మీద వచ్చిన పాత పుస్తకాలు వెతికి పోగుచేయడం నాకు ప్రాణం. మొన్నామధ్య 1880ల నాటి గెజిటీరు (ఒక ప్రాంతం వివరాలన్నీ పొందుపరిచిన ప్రభుత్వ గ్రంథం) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. అట్ట తెరిస్తే కుట్టు సందుల్లోంచి పిండిలాంటి పొడి రాలింది. తుడిచేశాను. మర్నాడు మళ్ళీ అంతే పొడి. అంటే లోపల పురుగు బతికే ఉంది!

ఎండలో పెట్టబోయి ఆగాను. చెక్క గుజ్జుతో చేసిన ఆ కాలపు కాగితంలో ఆమ్లం ఎక్కువ, అసలే పెళుసు. ఎండ తగిలితే ఇంకా విరుగుతుంది. అందుకని పుస్తకాన్ని రెండు పాలిథిన్ కవర్లలో పెట్టి, గాలి తీసి, టేపుతో బిగించి, పురుగు చలికి చచ్చేలా డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాను. అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. బయటికి తీయగానే కవరు విప్పకూడదు. చల్లటి కాగితానికి గాలిలోని తేమ పట్టేస్తుంది. ఒక రోజంతా అలాగే వదిలేసి, అప్పుడు విప్పి, మెత్తటి బ్రష్షుతో ఒక్కో పేజీ దులిపాను.

లోపలి మడత మ్యాపు చిరిగి ఉంటే వెనకవైపు జపనీస్ టిష్యూ (పల్చగా ఉన్నా గట్టిగా ఉండే కాగితం) గోధుమ గంజి జిగురుతో అతికించాను. సెల్లోటేపు మాత్రం వద్దు, దాని జిగురు కాగితంలోకి ఇంకిపోయి గోధుమరంగు మచ్చ పడుతుంది.

నెల రోజులు నల్ల కాగితం మీద నిలబెట్టి రోజూ చూశాను. పొడి రాలలేదు. నిన్ననే బీరువాలో మిగతావాటి పక్కన పెట్టాను.