రెప్లికేషన్ నోట్సులో భాష దిద్దేముందు

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పెద్ద వెర్షన్ ఏటా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వస్తుంది. అంతకు నెల ముందే మేము తెలుగులో రాసుకున్న శిక్షణ నోట్సు దుమ్ము దులుపుతాం. సెట్టింగుల సంగతి తెలిసినవాళ్లు చూసుకుంటారు. భాష దిద్దే పని మాత్రం, తెలుగు బాగా వచ్చన్న నేరానికి, నా మీద పడుతుంది. మిగతా అధ్యాయాల్లో నా కలం కాస్త తొందరపడినా ప్రమాదం లేదు. రెప్లికేషన్ అధ్యాయం అలాంటిది కాదు. ఏ సర్వర్ దేనికోసం ఎంతసేపు ఆగాలో అక్కడ క్రియాపదాలే చెబుతాయి. ఒక సర్వర్‌లోని డేటాను మరో సర్వర్‌లోకి ఎప్పటికప్పుడు నకలు చేయడమే రెప్లికేషన్. అసలు సర్వర్ ప్రైమరీ, నకలు ఉంచుకునేది స్టాండ్‌బై.

ముందు కర్త ఎవరో చూడండి. తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది, చిక్కంతా అక్కడే. ‘స్టాండ్‌బై నుంచి జవాబు రాకపోతే ఆగిపోతుంది.’ ఏది ఆగిపోతుంది? సింక్రనస్ పద్ధతిలో, అంటే స్టాండ్‌బై జవాబు కోసం వేచి ఉండే పద్ధతిలో, ఆగేది ప్రైమరీలో కమిట్ (మార్పును ఖాయం చేయమనే ఆదేశం) ఇచ్చిన సెషన్, అంటే ఆ ఒక్క క్లయింటు కనెక్షన్. ప్రైమరీ మొత్తం ఆగదు, స్టాండ్‌బై సంగతి అసలే కాదు. పోనీ సులువుగా ఉంటుందని ‘కమిట్ జరగదు’ అని దిద్దితే అదీ తప్పే. ప్రైమరీ డిస్కుపై కమిట్ అప్పటికే నమోదై ఉంటుంది. ఆగింది క్లయింటుకు అందాల్సిన జవాబు.

అసమాపక క్రియలతో ఇంకా జాగ్రత్త. ‘ప్రైమరీ లాగ్ పంపి, స్టాండ్‌బై డిస్కుపై రాసి, క్లయింటుకు జవాబిస్తుంది’ అన్న వాక్యం మాకు నిజంగానే ఎదురైంది. (లాగ్ అంటే డేటాలో జరిగిన మార్పుల చిట్టా.) ‘పంపి’, ‘రాసి’ అన్నప్పుడు చివరి క్రియకు ఎవరు కర్తో వీటికీ వారే కర్త కావాలి. ఈ లెక్కన స్టాండ్‌బై డిస్కుపై రాసేది కూడా ప్రైమరీయే! దీన్ని మూడు ముక్కలు చేయక తప్పదు: ప్రైమరీ లాగ్ పంపుతుంది. స్టాండ్‌బై దాన్ని తన డిస్కుపై భద్రపరుస్తుంది. ఆ కబురు అందాకే ప్రైమరీ క్లయింటుకు జవాబిస్తుంది. ఇక్కడ ‘అందాకే’ను ‘అందితే’ చేయకండి. అందకపోతే లోపం చూపి ముగించేస్తుందని చదివేవారు అనుకుంటారు. అలా ఏమీ చూపదు, గడువు లేకుండా వేచి ఉంటుంది.

పునరుక్తి దోషమని మార్కులు కోసిన తెలుగు మాస్టారిని ఈ అధ్యాయం అయ్యేదాకా మరిచిపోండి. స్టాండ్‌బైల పరిస్థితి చూపే వ్యూలో (పట్టికలాంటిదే) లాగ్ ఎంతవరకు వెళ్లిందో చెప్పడానికి పంపినది, రాసినది, ఫ్లష్ అయినది (డిస్కుకు చేరినది), రీప్లే అయినది (స్టాండ్‌బై డేటాలో అమలైనది) అని నాలుగు స్థానాలకు నాలుగు కాలమ్‌లు ఉంటాయి. సింక్రనస్ కమిట్ సెట్టింగులో ‘రిమోట్ రైట్’ అంటే స్టాండ్‌బై లాగును తన ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించిందని మాత్రమే. ఆ క్షణంలో ఆ యంత్రానికి కరెంటు పోతే అది డిస్కుకు చేరకపోవచ్చు. ‘ఆన్’ అంటే డిస్కుకు చేరింది. ‘రిమోట్ అప్లై’ అంటే స్టాండ్‌బైలో క్వెరీకి కనిపించే స్థితికి వచ్చింది. ‘రాసింది’ అన్న మాట పది వాక్యాల్లో వరసగా వచ్చినా సరే, మధ్యలో అందం కోసం ‘భద్రపరిచింది’ అన్నారా, పాఠకుడికి లేని హామీ ఇచ్చినట్టే.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ‘స్టాండ్‌బైని తీసేశాక దాని స్లాట్ తొలగించబడాలి’ అని ఉండేది. స్టాండ్‌బైకి ఇంకా ఏ లాగ్ కావాలో ప్రైమరీ పెట్టుకునే గుర్తే స్లాట్. ‘బడు’ ప్రయోగం కనిపిస్తే నాకు చేయి దురద. ‘స్లాట్ తొలగిపోతుంది’ అని దిద్ది సంతోషించాను. వాక్యం నున్నగా వచ్చింది, చేయాల్సిన పని మాయమైంది. స్టాండ్‌బై కోసం పెట్టుకున్న స్లాట్ దానంతటది పోదు, మనమే తొలగించాలి. అది ఉన్నంతకాలం, పరిమితి ఏదీ పెట్టకపోతే, ప్రైమరీ ఆ స్టాండ్‌బై కోసం లాగ్ ఫైళ్లను దాచిపెడుతూనే ఉంటుంది. నోట్సును నమ్మి ఊరుకున్న ఒక కుర్రవాడి పరీక్షా సర్వర్‌లో డిస్కు నిండిపోయింది. ఇప్పుడక్కడ ‘స్లాట్‌ను మీరే తొలగించండి’ అని ఉంది. కర్మణి వాక్యాన్ని మార్చండి, తప్పులేదు. మార్చేముందు ఆ పని ఎవరిదో అడిగి తెలుసుకోండి.

‘మాత్రమే’ను కదిలించవద్దు. ‘స్టాండ్‌బైలో చదవడం మాత్రమే కుదురుతుంది’, ‘స్టాండ్‌బైలో మాత్రమే చదవడం కుదురుతుంది’ ఒకటి కావు. అలాగే సింక్రనస్ స్టాండ్‌బైల సెట్టింగులో మూడు స్టాండ్‌బైలకు ‘ఫస్ట్ 2’ అని పెడితే, కమిట్ పనిచేస్తున్నవాటిలో జాబితా వరసలో ముందున్న రెండింటి జవాబు కోసం ఆగుతుంది. ‘మొదట జవాబిచ్చిన రెండు’ అని దిద్దితే అది ‘ఎనీ 2’ (ఏవైనా రెండు) అనే వేరే సెట్టింగు అయిపోతుంది.

కమాండ్ల జోలికి వెళ్లకండి. వర్డ్ ప్రాసెసర్ రెండు చిన్న గీతలను కలిపి ఒక పొడవాటి గీత చేస్తుంది, నిలువు కోట్లను వంపు కోట్లు చేస్తుంది. చూపుకు బాగుంటుంది, అతికిస్తే నడవదు. మై‌ఎస్‌క్యూఎల్ (మరో డేటాబేస్) నోట్సులో నకలు సర్వర్‌కు పాత పేరైన ‘స్లేవ్’ను అంతటా ఒక్క దెబ్బతో ‘రెప్లికా’ చేయాలన్న ఉబలాటం కూడా ఆపుకోండి. వివరణలో మార్చండి, మార్చాలి కూడా. కమాండులో అయితే వెర్షన్ చూడాలి: ‘స్టార్ట్ రెప్లికా’ 8.0.22లో వచ్చింది, 5.7 సర్వర్‌కు అది తెలియదు. 8.4లో పాత ‘స్టార్ట్ స్లేవ్’ను తీసేశారు.

భాష సవరణలను, సెట్టింగుల సవరణలను ఒకే ప్యాచ్‌లో (ఒక్కసారిగా పంపే మార్పుల కట్టలో) కలిపి పంపకండి. నలభై కామాల మధ్య మారిన ఒక్క క్రియ ఎవరి కంటా పడదు. నేను ‘తొలగిపోతుంది’ అని దిద్దిన రోజు జరిగింది అదే.