హీరోస్ 3లో హోటా మాడ్ వేసుకోవడం ఎలా?

హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 అనే కంప్యూటర్ స్ట్రాటజీ ఆట వచ్చింది 1999లో. దాన్ని తయారు చేసిన న్యూ వరల్డ్ కంప్యూటింగ్ ఎప్పుడో మూతపడింది. మార్కెట్లోకి తెచ్చిన త్రీడీఓ కంపెనీ 2003లో దివాలా తీసింది. ఆట మాత్రం ఆగలేదు. అభిమానుల బృందం ఒకటి 2011 చివర్లో హార్న్ ఆఫ్ ది అబిస్ అనే మాడ్ (ఆటకు అభిమానులు చేసే మార్పులు, చేర్పులు) విడుదల చేసి, అప్పటి నుంచి దాన్ని పెంచుకుంటూ వస్తోంది. ఆడేవాళ్లు ముద్దుగా హోటా అంటారు.

పాత స్ట్రాటజీ ఆటలకు ఏదైనా ఒక్క మాడ్ చెప్పమంటే నేను చెప్పేది ఇదే. చాలా మాడ్లలో కొత్త బొమ్మలు ఒక తీరుగా, పాత బొమ్మలు ఇంకో తీరుగా ఉండి అతుకు కనిపిస్తుంది. హోటాలో ఆ అతుకు కనపడదు. కొత్త టౌన్ (సైన్యాన్ని తయారుచేసుకునే కోట) బొమ్మలు, సంగీతం, సైనికుల కదలికలు అన్నీ 1999 నాటి చేతులే చేసినట్టుంటాయి. ఉచితం కూడా. పాత ల్యాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది.

1. ముందు సరైన ఆట కొనండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మీకు కావాల్సింది కంప్లీట్ ఎడిషన్. అంటే అసలు ఆటతో పాటు ఆర్మగెడాన్స్ బ్లేడ్, షాడో ఆఫ్ డెత్ అనే రెండు విస్తరణలు కలిసి ఉన్నది. ఆన్‌లైన్‌లో ఆటలు అమ్మే గాగ్ (GOG) స్టోర్‌లో అదే పేరుతో దొరుకుతుంది. తరచూ డిస్కౌంట్ పెడతారు కాబట్టి తొందర లేకపోతే కాస్త ఆగి కొనండి.

2015లో వచ్చిన హెచ్‌డీ ఎడిషన్ జోలికి వెళ్లకండి. పేరు చూసి ఇదే మంచిదనుకుంటారు గానీ, అందులో ఆ రెండు విస్తరణలూ లేవు. వాటి సోర్స్ కోడ్ (అసలు ప్రోగ్రామ్ రాత) దొరక్కపోవడమే కారణం. హోటా నిలబడేది ఆ విస్తరణల మీదే. కాబట్టి హెచ్‌డీ ఎడిషన్ మీద హోటా ఎక్కదు.

2. ఎక్కించే చోటు చూసుకోండి

ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకండి. అక్కడి ఫైళ్లు మార్చాలంటే విండోస్ ప్రతిసారీ అడ్డం పడుతుంది. సి డ్రైవ్‌లోనో డి డ్రైవ్‌లోనో గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసుకుని, అందులో ఎక్కించండి. పూర్తయ్యాక ఒకసారి మామూలు ఆటను తెరిచి చూడండి. మెనూ వచ్చి, ఏదో ఒక మ్యాప్ మొదలైతే చాలు.

ఇప్పుడు ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి, పక్కనే వేరే పేరుతో దాచండి. మాడ్ వేసేది ఒక కాపీలో, రెండోది ముట్టుకోకుండా ఉంచేది. దీన్ని దాటేయకండి. రేపు ఇంకో మాడ్ మీద మనసైనా, ఏదైనా తేడా కొట్టినా, మళ్లీ డౌన్‌లోడ్ అంటూ టెన్షన్ పడక్కర్లేదు.

3. హోటా ఇన్‌స్టాలర్ నడపండి

హోటా బృందం సొంత సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. వేరే సైట్లలో పాత వెర్షన్లు, ఇంకేవో కలిపిన ఫైళ్లు తిరుగుతుంటాయి. ఇన్‌స్టాలర్ ఫోల్డర్ అడిగినప్పుడు, ఆట ఉన్న ఫోల్డర్‌నే చూపించాలి. అది సరైనదో కాదో తేల్చుకోవడం తేలిక: లోపల డేటా, మ్యాప్స్, ఎంపీ3 అనే మూడు ఫోల్డర్లు కనిపించాలి. కనిపించకపోతే మీరు ఒక మెట్టు పైనో కిందో ఉన్నారు.

కొన్నిసార్లు యాంటీవైరస్ అభ్యంతరం చెబుతుంది. పాత ఆట నడుస్తుండగా దాని కోడ్‌ను మార్చే ప్రోగ్రామ్ కదా, యాంటీవైరస్‌కు అనుమానం రావడం మామూలే. ఫైల్ అసలు సైట్ నుంచే వచ్చిందని ఖాయం చేసుకుని, ఆ ఒక్క ఫోల్డర్‌కు మినహాయింపు ఇవ్వండి. యాంటీవైరస్‌ను మొత్తంగా ఆపేయకండి.

4. స్క్రీన్ సర్దుకోండి

అసలు ఆట 800 బై 600 సైజు స్క్రీన్ కోసం చేసింది. ఇప్పటి స్క్రీన్లకు సరిపెట్టే హెచ్‌డీ మాడ్ హోటాతోనే వస్తుంది, విడిగా వెతకక్కర్లేదు. (2015 నాటి హెచ్‌డీ ఎడిషన్‌కూ దీనికీ సంబంధం లేదు.) హెచ్‌డీ లాంచర్ తెరిచి రెజల్యూషన్, గ్రాఫిక్స్ మోడ్ ఎంచుకోండి. స్క్రీన్ పెద్దదని రెజల్యూషన్ అంతా పెంచేస్తే మ్యాప్ చాలా దూరం కనపడుతుంది గానీ, బొమ్మలు చీమల్లా మారి కళ్లు లాగుతాయి. కాస్త తక్కువ రెజల్యూషన్ పెట్టి, స్క్రీన్ నిండా సాగే మోడ్ ఎంచుకుంటే ఎక్కువసేపు ఆడగలరు.

హెచ్‌డీ మాడ్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. చిన్న యుద్ధాన్ని కంప్యూటర్‌కే వదిలేశాక ఫలితం నచ్చకపోతే, దాన్ని రద్దు చేసి మీరే ఆడుకోవచ్చు. చిల్లర గొడవల్లో గంటలు పోకుండా కాపాడుతుంది.

5. మొదటి ఆట: కోవ్ టౌన్‌తో మొదలుపెట్టండి

కోవ్ అంటే సముద్రపు దొంగల టౌన్. హోటాతో వచ్చిన మొదటి కొత్త టౌన్ ఇదే. చిన్న సైజు మ్యాప్, ఒక్క కంప్యూటర్ ప్రత్యర్థి, ఈజీ లెవెల్ పెట్టుకోండి. ర్యాండమ్ మ్యాప్ (కంప్యూటరే అప్పటికప్పుడు తయారుచేసేది) అయితే నీళ్లు ఉండేలా చూసుకోండి. కోవ్ అందం నీళ్ల మీదే తెలుస్తుంది.

ఈ టౌన్‌లో కన్నేసి ఉంచాల్సింది మూడో లెవెల్ పైరేట్ల మీద. మిగతా సైనికులకు ఒక్క అప్‌గ్రేడ్ ఉంటే వీళ్లకు రెండు: పైరేట్ నుంచి కోర్సెయిర్, అక్కడి నుంచి సీ డాగ్. కోర్సెయిర్లు దూరం నుంచి కాలుస్తారు. దగ్గరికెళ్లి కొట్టినా శత్రువు తిరిగి కొట్టలేడు. హీరోస్ 3లో దూరం నుంచి కాల్చేవాళ్లను మీద పడనివ్వకుండా కాపాడుకోవడం అలవాటైనవాళ్లకు ఇది పెద్ద మార్పు. శత్రువు దగ్గరికొస్తే వీళ్లనే ముందుకు దూకించవచ్చు. ఆరో లెవెల్ నిక్స్ వారియర్లు ఎదుటివాడి అటాక్ విలువలో 60 శాతాన్ని లెక్కలోకి రానివ్వరు. పెద్ద హీరో (సైన్యాన్ని నడిపే నాయకుడు)తో వచ్చే శత్రువుకు అడ్డంగా నిలబెట్టాల్సింది వీళ్లనే. ఏడో లెవెల్ హాస్పిడ్ పాముకు దెబ్బలు తగిలేకొద్దీ దాని కాటు బలం పెరుగుతుంది.

పాత టౌన్లనూ కాస్త సర్దారు. నెక్రోపోలిస్ (అస్థిపంజరాలు, దెయ్యాల టౌన్) ఆడేవాళ్లు దీన్ని ముందే తెలుసుకోవాలి. యుద్ధంలో చచ్చినవాళ్లలో కొంత శాతాన్ని అస్థిపంజరాలుగా లేపే నైపుణ్యం నెక్రోమాన్సీ. అసలు ఆటలో అది మూడు మెట్లకు 10, 20, 30 శాతం ఇచ్చేది. హోటాలో అది 5, 10, 15. అస్థిపంజరాలను వేలల్లో పోగేసి అందర్నీ తొక్కేసే పాత పద్ధతి ఇక అంత సులువుగా సాగదు. నెక్రోపోలిస్ అభిమానులు గొణుక్కున్నా, ఈ మార్పు న్యాయమైందని నా నమ్మకం.

కోవ్ చేతికి అలవాటయ్యాక ఫ్యాక్టరీ టౌన్ పట్టండి. యంత్రాలు, తుపాకులు, ఇసుకలో దూరే పురుగులు ఉంటాయి. అక్కడి ఆటోమటాన్లు పేలిపోతే పక్కనున్నవాళ్లకు, మీవాళ్లతో సహా, దెబ్బ తగులుతుంది. మెకానిక్‌లు యంత్రాలను బాగుచేస్తారు. ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలన్నది ప్రతి వంతులోనూ ఆలోచించాలి. అందుకే మొదటి ఆటకు ఇది చెప్పలేదు.

6. తోడు ఆడేవాళ్లుంటే

ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే ఉన్నా ఫర్వాలేదు. మల్టీప్లేయర్‌లో హాట్ సీట్ ఎంచుకుంటే, ఒకరి వంతు అయ్యాక ఇంకొకరు కుర్చీలో కూర్చుని ఆడొచ్చు. అన్నదమ్ములకు ఆదివారం మధ్యాహ్నం ఇంతకన్నా ఏం కావాలి! ఆన్‌లైన్‌లో ఆడాలంటే హోటాలోనే లాబీ (ప్రత్యర్థులను వెతుక్కునే చోటు) ఉంది. అక్కడ జెబస్ క్రాస్ అనే మ్యాప్ నమూనా బాగా ఆడతారు. మధ్యలో ఇసుక నేల, దాని నిండా నిధులు, వాటికి భయంకరమైన కాపలా. కొత్తవాళ్లు అందులోకి దిగితే ఆటలోని రెండు వారాలు తిరక్కుండానే ఓడిపోతారు. ముందు కొన్నాళ్లు మామూలు మ్యాప్‌లు ఆడండి.

ఆన్‌లైన్‌లో ఇద్దరికీ ఒకే వెర్షన్ ఉండాలి. ఇంట్లో పెద్ద ఆట మధ్యలో ఉండగా కొత్త వెర్షన్ వస్తే, ఆట ముగించాకే అప్‌డేట్ చేసుకోండి. పాత సేవ్‌లు కొత్త వెర్షన్‌లో తెరుచుకుంటాయన్న భరోసా లేదు.

7. ఇంకో మాడ్ కావాలంటే

ఇన్ ది వేక్ ఆఫ్ గాడ్స్ అనే మాడ్ హోటా కంటే పాతది. హీరో వెంట ఒక కమాండర్ నడవడం, ఎనిమిదో లెవెల్ ప్రాణులు, పదుల కొద్దీ నియమాలను మీకు నచ్చినట్టు తెరిచి మూయడం అందులో ప్రత్యేకం. బ్యాలెన్స్ మాత్రం ఆశించకండి, అది పండగ హడావుడి లాంటి ఆట. దాన్ని హోటా ఉన్న ఫోల్డర్‌లో వేస్తే రెండూ చెడతాయి. మీరు దాచిన కాపీని ఇంకోసారి కాపీ చేసి, దానిలో వేయండి.

ఫోన్‌లో ఆడాలనుకుంటే వీసీఎంఐ ఉంది. ఆటను నడిపే ప్రోగ్రామ్‌నే (ఇంజిన్) అభిమానులు మొదటి నుంచి మళ్లీ రాశారు. ఆండ్రాయిడ్‌లో నడుస్తుంది. ఆట మాత్రం మీదే ఉండాలి: కంప్లీట్ ఎడిషన్‌లోని డేటా, మ్యాప్స్, ఎంపీ3 ఫోల్డర్లను ఫోన్‌లోకి ఎక్కించి, యాప్‌కు చూపించాలి. ఈ ఫోల్డర్లనూ దాచిన కాపీ నుంచే తీసుకోండి, హోటా వేసిన దాని నుంచి కాదు. చిన్న స్క్రీన్ మీద వేలితో సైన్యాన్ని నడపడం మొదట్లో కష్టమే. టాబ్లెట్ ఉంటే దాంట్లో ఆడండి.